తీగె లేని మౌసు
1968లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ప్రదర్శించిన మౌసుకు తోకవంటి తీగె ఉండేది. నేడు ఆ పనిని రేడియో తరంగాలు నిర్వహిస్తున్నాయి. చవకలో లభించేవి ముఖ్యంగా రెండు రకాలు: ల్యాప్‌టాప్ యు.ఎస్.బి. ద్వారంలో చిన్న రిసీవరు అమర్చవలసినవి, బ్లూటూత్‌తో నేరుగా కలిసేవి. ద్వారాలు తక్కువైనచో రెండవదే మేలు.

రిసీవరు రకంలో ఒక చిక్కున్నది. అది సాధారణంగా 2.4 గిగాహెర్ట్జ్ వద్ద పనిచేస్తుంది. పక్కన యు.ఎస్.బి. 3.0 డిస్కు పనిచేస్తున్నప్పుడు వెలువడే రేడియో రొద ఆ పరిధిలోకే చొచ్చుకురావడం వలన తెరపై బాణపు గుర్తు తడబడవచ్చు. మౌసు చెడినదని భ్రమించి పారవేయనక్కరలేదు. రిసీవరును పొడిగింపు తీగెతో కొంత దూరం జరిపిన చాలును. (తీగె వద్దని కొని, తీగెనే వెదకవలసిరావడం విడ్డూరమే!)

వేలకొలది డి.పి.ఐ. అంకెలకు అదనపు సొమ్ము చెల్లించడం వృథా. ఇంటిపనులకు 1000 చాలు. మార్చుకొనగల బ్యాటరీ ఉన్నదానినే ఎంచుకొనండి. గాజుబల్లపై మామూలు ఆప్టికల్ మౌసు సరిగా నడవదు, క్రింద కాగితం పరచండి.