వాడి అంచుకు వాలు

భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టరు రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. మరుసటి సంవత్సరమే ఇక్కడ రైలుపట్టాల మిల్లు మొదలైంది. ఇంతటి కర్మాగారపు పత్రికలో షాఫ్టు కొనను ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర వాలుగా చెక్కే చాంఫరింగును గురించి వ్రాయడం కొందరికి విడ్డూరంగా తోచవచ్చును. నాకు మాత్రం ఆ విషయం ఒక యువ ఫిట్టరు అరచేతి గాయంతో ముడిపడి ఉన్నది.

భిలాయికి రాకముందు ఒక చిన్న యంత్రశాలలో పనిచేసేవాడిని. ఒక షాఫ్టు డ్రాయింగులో కొన వద్ద చాంఫరు చూపడం మరచి సంతకం చేశాను. టర్నరు గీసినది గీసినట్లే చేసి పంపాడు. బిగించే వేళ బేరింగు ఒరిగి కొన వద్దనే ఇరుక్కున్నది. దానిని సరిచేయబోయిన కుర్రవాని అరచేయి ఆ వాడి అంచుకు తెగింది. "డ్రాయింగులో లేదు సార్" అన్నాడు టర్నరు. ఆ మాట నేటికీ మరువలేదు.

బర్రు తొలగించుటకు 45 డిగ్రీల వాలు చాలును. బిగుతుగా ఎక్కించవలసిన భాగాలకు 10 నుండి 15 డిగ్రీల పొడవైన వాలు మేలు. భాగం తనంతట తానే నడిమికి చేరుతుంది. వాడి అంచు ఆయిల్ సీలు పెదవిని కోయగలదు గనుక అక్కడా వాలు తప్పనిసరి.

లేతుపై ఎక్కే షాఫ్టుకు టూలును వాలుగా పట్టించిన చాలును. లేతుపై ఎక్కని పొడవాటి కమ్మీ సంగతి వేరు. పూర్వం ఆకురాయే గతి. ఎంత నేర్పరియైనా వాలు చుట్టూ ఒకే తీరుగా రావడం అరుదు. ఇప్పుడు కార్బైడు ఇన్‌సర్టులు బిగించిన గుల్ల కట్టరును డ్రిల్లింగు యంత్రానికి తగిలించి కమ్మీ కొనపై తొడుగుతారు. వేగం ఎక్కువైనా, కమ్మీ కదిలినా కట్టరు అదిరి అంచుపై అలలు తేలుతాయి. కనుక కమ్మీని గట్టిగా బిగించి, తక్కువ వేగంతో, స్థిరమైన ఒత్తిడితో నడపాలి. (చేతి తొడుగులతో తిరిగే యంత్రం దగ్గరకు పోరాదని వేరుగా చెప్పనక్కరలేదనుకుంటాను.)

రైలుపట్టాల బోల్టు రంధ్రాలదీ ఇదే కథ. రంధ్రపు వాడి అంచు వద్ద ఒత్తిడి పోగుపడి, చక్రాల తాకిడికి పగుళ్ళు నక్షత్రంలా పుడతాయి. అందుకే ఆ అంచులకూ చాంఫరు చేస్తారు. వెల్డింగు వల్ల రంధ్రాల అతుకులు తగ్గినా, పూర్తిగా పోలేదు. నా సంతకానికి వచ్చే ప్రతి డ్రాయింగులోనూ నా కన్ను మొదట కొనల మీదికే పోతుంది.