పూట నడక, పసిఫిక్ దారి

పొరుగూరు ఎంత దూరమని బాటసారి యడిగినచో, మన పల్లెపెద్దలు కోసుల లెక్క చెప్పక, ‘ఒక పూట నడక’ యని బదులిచ్చెడివారు. దూరమును కాలముతో కొలుచు ఆ పద్ధతి ఎంత యుచితమైనదో, ఢిల్లీనుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు పోవు విమానపు దారిని పరిశీలించినచో స్పష్టమగును.

బల్లమీది గ్లోబుపై ఒక దారపు కొసను బొటనవ్రేలితో ఢిల్లీయొద్ద అదిమిపట్టి, రెండవ కొసను శాన్‌ఫ్రాన్సిస్కో వఱకు బిగించి లాగుడు: దారము తనంత తాను ఉత్తరమునకు జాఱి, సైబీరియా మీదుగా ఆర్కిటిక్ సముద్రమును సోకి, అలాస్కా వైపునకు దిగును. గుండ్రని భూమిపై ఈ రెండు నగరముల నడుమ అతిస్వల్పమైన దారి యిదియే. దీని పొడవు సుమారు 12,400 కిలోమీటర్లు. కాని దారమునకు లేని చిక్కులు విమానమునకు కలవు. ఆపద వాటిల్లినపుడు హిమాలయములమీదను, టిబెట్టు పీఠభూమిమీదను క్రిందికి దిగుట దుష్కరము. ధ్రువసమీపమున దిగదగిన విమానాశ్రయములు మిక్కిలి అరుదు.

ఎయిరిండియా విమానము తొలుత అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు పోవుచుండెను. 2016 అక్టోబరులో ఆ మార్గమును మార్చి, తూర్పుదిక్కుగా పసిఫిక్ మీదుగా 15,300 కిలోమీటర్ల దారి పట్టెను. దారి 1,400 కిలోమీటర్లు పెరిగినను, ప్రయాణకాలము దాదాపు రెండు గంటలు తగ్గి, పదునాల్గున్నర గంటలకు వచ్చెను!

ఈ వింతకు కారణము గాలి. ఉష్ణమండలపు వేడికిని ధ్రువప్రాంతపు చలికిని గల భేదమువలనను, భూభ్రమణమువలనను, నేలకు పది కిలోమీటర్ల యెత్తున పడమటినుండి తూర్పునకు ఒక వాయుప్రవాహము నదివలె పాఱుచుండును. దీనినే శాస్త్రజ్ఞులు జెట్ స్ట్రీమ్ అందురు. 1920 దశకమున జపానులోని తతేనో పరిశీలనాలయమున వాసబురో ఓయిషి బెలూన్లను విడిచి దీనిని కనుగొనెను గాని, ఆ వృత్తాంతమును ఎస్పెరాంతో భాషలో ప్రకటించుటచే లోకము పెద్దగా గమనింపలేదు. 1944లో జపానుపైకి వచ్చిన అమెరికా విమానములకు ఆ గాలియొక్క బలము స్వయముగా అనుభవమునకు వచ్చెను. గాలిలో గంటకు 900 కిలోమీటర్ల చొప్పున పోవు విమానము, ఈ ప్రవాహము వెన్నుతట్టినచో నేలలెక్కకు వేయి కిలోమీటర్లు మించి సాగును. ఎదురొడ్డినచో అంతకంతకు వెనుకబడును.

అక్టోబరులో రెండు నగరముల గడియారములకు పన్నెండున్నర గంటల భేదము. కనుక ఆదివారము వేకువ నాలుగింటికి ఢిల్లీలో విమానమెక్కినవాడు, పదునాల్గున్నర గంటలు ప్రయాణించియు, అదే ఆదివారము ఉదయము ఆఱింటికి అచ్చట దిగును. నడుమ దినరేఖను దాటుటచే ఒక దినము అతనికి మరల దక్కును.

నేడు అచ్చటి కొలువులలోనున్న బిడ్డలను చూడబోవు తెలుగు తల్లులు, ‘ఎన్ని గంటల ప్రయాణము నాయనా?’ యనియే అడుగుదురు. పూట నడక చెప్పిన పెద్దల ప్రశ్నయే యిది. విమానచోదకుడును గాలినిజూచి బయలుదేరుటకు ముందు తన్ను తాను అడుగుకొను ప్రశ్నయు నిదియే.