వార్తల్లో పదం: లేటెన్సీ

స్టోరేజీని సమాచారం అడిగిన క్షణం నుంచి అది అందేదాకా పట్టే సమయమే లేటెన్సీ. దీన్ని మిల్లీసెకన్లలో కొలుస్తారు. సెకనుకు ఎన్ని రీడ్‌లు, రైట్‌లు జరిగాయో చెప్పేది ఐఆప్స్.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో ‘కార్డ్’ పథకంతో రిజిస్ట్రేషన్లు కంప్యూటర్లకెక్కాయి. తెనాలి, బాపట్ల, రేపల్లె సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాల్లోనైనా సర్వర్ మొరాయిస్తే దస్తావేజు కదలదు. జాప్యం నెట్‌వర్క్‌దా, సర్వర్‌దా, స్టోరేజీదా అన్నది తేల్చడానికే పర్యవేక్షణ టూల్స్.

వాటిని ఎంచుకునేటప్పుడు సగటును నమ్మకూడదు. వెయ్యి అభ్యర్థనల్లో 980 ఒక్కో మిల్లీసెకనులో, 20 ఒక్కో సెకనులో పూర్తయితే సగటు సుమారు 21 మిల్లీసెకన్లే! ఆ 20 మంది అవస్థ నూటికి 99 అభ్యర్థనలు ఎంతలోపు పూర్తయ్యాయో చెప్పే 99వ పర్సంటైల్‌లోనే బయటపడుతుంది. దాన్ని చూపాలి, పాత రికార్డు నిలపాలి, వ్యవస్థపై తన భారం మోపకూడదు. మంచి టూల్‌కు ఇవే గీటురాళ్లు.