ఆ చొక్కాను ఉతకకండి

టోపీని, గడ్డాన్ని చూసి రైలులో కొందరు చుట్టుముట్టి కొట్టారు. కుర్రవాడు చిట్లిన పెదవితో ఇల్లు చేరాడు. తల్లి గాయం కడిగి, రక్తపు మరకలు పడిన చొక్కాను నీళ్లలో నానబెట్టింది. తండ్రి తలుపు గడియ వేసి, "ఎవరితోనూ అనకండి, గొడవ పెద్దదవుతుంది" అన్నాడు. ఇలాంటి ఇంటి భయం మాకు తెలియనిది కాదు. అయినా ఆ నీళ్లలో ఒక సాక్ష్యం కరిగిపోతున్నదని చెప్పక తప్పదు.

ముందు ప్రాణం కాపాడుకోవాలి. ప్రమాదం తొలగకపోతే 112కు ఫోన్ చేయాలి. తరువాత ప్రభుత్వాసుపత్రికి వెళ్లి, జరిగింది జరిగినట్లు చెప్పి, మెడికో లీగల్ కేసుగా నమోదు చేయమని అడగాలి. బిడియంతో "జారిపడ్డాను" అన్న ఒక్క మాట రికార్డుకెక్కితే రేపు ఎదుటి పక్షం వకీలు దానినే పట్టుకుంటాడు. చొక్కాను నీడలో ఆరబెట్టి కాగితపు సంచిలో భద్రపరచండి. వీడియో ఉంటే అసలు ప్రతిని చెరపకండి, వాట్సాప్‌లో ఊరంతా తిప్పకండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, మనవారు తరచుగా విడిచిపెట్టేది మరొకటి ఉంది. కొట్టినవారు ఏమని తిడుతూ కొట్టారు? ఆ మాటలను ఆ రాత్రే ఉన్నవి ఉన్నట్లు రాసి పెట్టుకోవాలి. తల్లిని, ధర్మాన్ని దూషించిన మాటలు పలకడానికి మర్యాదస్థునికి నోరు రాదు. కాని అవి లేని ఫిర్యాదు సీటు కోసం జరిగిన తగాదాగా మిగిలిపోతుంది. స్వల్ప గాయం మాత్రమే అయితే, భారతీయ న్యాయ సంహిత 115(2) కింద, సాధారణంగా మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయజాలరు. మతాల మధ్య వైరం రెచ్చగొట్టడం (196), మతభావాలను ఉద్దేశపూర్వకంగా అవమానించడం (299) అలా కాదు. వాటికి ఆధారం ఆ మాటలే.

ఐదుగురు లేక అంతకు మించినవారు కూడి జాతి, కులం, సముదాయం, వ్యక్తిగత విశ్వాసం వంటి కారణాలతో చంపితే 103(2), తీవ్రంగా గాయపరిస్తే 117(4) వర్తిస్తాయి. ఆ జాబితాలో 'మతం' అనే పదం లేకపోవడం మా దృష్టిలో లోపమే. వకీలు 'సముదాయం', 'విశ్వాసం' అన్న పదాలను ఆశ్రయించవలసి ఉంటుంది.

ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. "మా పరిధి కాదు" అన్న సమాధానం చెల్లదు. ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితం. కొన్ని నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ జరపడానికి వీలుంది గనుక ఫిర్యాదు తేదీని గుర్తుంచుకోండి. నమోదుకు నిరాకరిస్తే ఎస్పీకి పోస్టులో పంపాలి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించాలి. మూకదాడుల నివారణకు ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయికి తగ్గని నోడల్ అధికారి ఉండాలని 2018 జూలై 17న సుప్రీంకోర్టు ఆదేశించింది. న్యాయసహాయానికి 15100 నంబరు ఉంది. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితం.

"సబ్ర్ వహించండి" అని రాజీకి తొందరపెట్టే పెద్దలు వస్తారు. సబ్ర్ అంటే సాక్ష్యాన్ని దాచడం కాదు. ప్రతీకారానికి ఉరికే మిత్రులూ వస్తారు. వారిని ఆపడం కూడా ఇంటివారి బాధ్యతే. ఆ పెట్టెలో అడ్డుపడి విడిపించిన హిందూ సోదరుడెవరైనా ఉంటే అతని పేరు, ఫోన్ నంబరు తెలుసుకోండి. కేసుకు అతడే బలమైన సాక్షి కావచ్చు.

వారం గడిచాక కుర్రవాడు మళ్లీ రైలెక్కడానికి జంకుతాడు. పిరికివాడని ఎగతాళి చేయకండి. కొన్నాళ్లు మామూనో చాచానో తోడుగా వెళ్లి, పక్క సీటులో కూర్చుంటే చాలు.