నెలలు నిండని బిడ్డ, ఆటిజం: ఒక తల్లి సందేహం

శిశువైద్య వృత్తి నుండి విరమించిన పిమ్మట నెలకు రెండు ఆదివారాలు మన ట్రస్టు వైద్యశాలలో సేవ చేస్తున్నాను. ఇటీవల అన్నప్రాసన ముగించుకొని ఒక కుటుంబం అక్షింతలతోనే నా వద్దకు వచ్చింది. బాబుకు ఆరో నెల. ముప్పై వారాలకే పుట్టాడు. మెడ ఇంకా గట్టిపడలేదని నాయనమ్మగారి దిగులు. ఆమె బయటికి వెళ్లేదాకా ఆగి తల్లి అడిగింది: “ఇలాంటి పిల్లలకు ఆటిజం వస్తుందట కదండీ? నా వల్లనేనా?”

ఆటిజం అంటే మెదడు ఎదుగుదలలోని భేదం. ఇతరులతో కలవడం, భావం తెలపడం అందువల్ల కష్టమవుతాయి. 37 వారాలు నిండక ముందు పుట్టినవారిలో ఇది కొంత ఎక్కువన్నది నిజమే. స్వీడన్‌లో 1973–2013 మధ్య పుట్టిన 40 లక్షల మందిని పరిశీలించగా, 28 వారాలలోపు పుట్టినవారిలో నూటికి సుమారు ఆరుగురిలోను, 28 నుండి 33 వారాల మధ్య పుట్టినవారిలో 2.6 శాతం మందిలోను, నెలలు నిండినవారిలో 1.4 శాతం మందిలోను ఆటిజం కనిపించింది. అంటే ఈ బాబు వంటివారిలో నూటికి తొంభై ఏడుగురికి అది లేదు. ఈ మాట విన్నాకే ఆ తల్లి కుర్చీలో సర్దుకొని కూర్చుంది.

గర్భంలోని చివరి మూడు నెలలలో మెదడు ముడతలు దేరుతుంది, నాడీ సంబంధాలు దట్టమవుతాయి. ఆ పని బయట, యంత్రాల నడుమ జరగవలసి వచ్చినప్పుడు ప్రాణవాయువు లోపం, రక్తస్రావం, అంటువ్యాధి దానికి అడ్డుపడవచ్చు. జన్యు కారణాలూ ఉంటాయి. తల్లి పెంపకం గానీ, గ్రహణం నాటి పొరపాటు గానీ కారణాలు కావు.

మెడ సంగతికి వస్తే, వయసును పుట్టిన తేదీ నుండి కాక, కాన్పుకు చెప్పిన తేదీ నుండి లెక్కించాలి. రెండేళ్లు వచ్చేవరకు ఇదే లెక్క. ఈ బాబు పది వారాలు ముందు పుట్టాడు గనుక అతని వయసు నాలుగు నెలలైనా నిండలేదు. మెడ నిలిచే సమయం ఇప్పుడే వస్తోంది.

అయితే ఈ లెక్క ప్రకారం ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, ఏడాదిన్నరకు కావలసినదాన్ని వేలితో చూపకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఉపేక్షించరాదు. ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి. ఈ పిల్లలలో ఆ లోపమూ ఉండవచ్చు. “వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యమే” అంటూ మూడేళ్లు గడిపి వచ్చినవారిని చాలామందిని చూశాను. మొక్కులు మొక్కుకోండి, కాదనను. పరీక్షను మాత్రం ఆ మొక్కు తీరేదాకా ఆపకండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏర్పడిన జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలలో ఈ సేవలు ఉచితం.

ఆ తల్లి టీకాల కార్డుపై, పుట్టిన తేదీ పక్కనే, డాక్టరు చెప్పిన కాన్పు తేదీని కూడా రాయించుకొని వెళ్లింది.