మోత బాకాదా, గదిదా?

హారన్ లౌడ్‌స్పీకరు అనగానే మనకు గుడి మీది రేకు బాకా గుర్తుకొస్తుంది. అదే సూత్రంతో ఇంట్లో పాటలు వినేందుకు చేసిన స్పీకర్లూ ఉన్నాయి. అమెరికన్ ఇంజనీరు పాల్ క్లిప్ష్ 1940లలో గది మూల గోడలనే బాకాకు కొనసాగింపుగా వాడుకునే స్పీకరు రూపొందించాడు. కొద్దిపాటి వాట్లతోనే పెద్ద ధ్వని ఇవ్వడం బాకా గొప్పతనం. చిక్కూ అక్కడే ఉంది. ఆంప్లిఫయరులోని చిన్న రొదను కూడా అది దాచదు.

మోత రాగానే చాలామంది స్పీకరు మార్చేస్తారు. డబ్బు పోతుంది గాని మోత పోదు. పైరు పసుపెక్కితే మా నాన్న ముందు ఎరువు బస్తా విప్పరు. మొక్క పీకి వేరు చూస్తారు. ఇక్కడా అదే పద్ధతి మంచిదని నా అభిప్రాయం.

మొదటిది, గుయ్‌మనే రొద. పాట ఆపి వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. అప్పటికీ ఉంటే లోపం చాలావరకు ఆంప్లిఫయరులోనే. మన కరెంటు 50 హెర్ట్‌జ్. రెక్టిఫయరు దాటాక మిగిలే రొద సాధారణంగా 100. వాల్యూమ్‌తో పాటు రొద పెరిగితే ముందున్న వైర్లనూ, ఎర్తింగునూ అనుమానించాలి.

రెండవది, ఏదో ఒక స్వరం దగ్గరే గరగరమనడం. ఆ స్వరం మోగుతుండగా బాకాను అరచేత్తో అదిమి పట్టండి. మోత మారితే రేకు అదురుతోందన్నమాట. మరలు బిగించి, వెలుపల మందపాటి రబ్బరు అంటించవచ్చు. మారకపోతే డయాఫ్రమ్ చూపించాలి. ప్రతి బాకాకూ ఒక కింది హద్దుంది. అంతకంటే మంద్ర స్వరాలు గట్టిగా పంపితే, గాలి భారం తగ్గి డయాఫ్రమ్ మితిమీరి ఊగి చెడిపోవచ్చు. గుడి మైకులో డోలు పలచగా వినిపించేదీ ఈ హద్దు వల్లనే.

మూడవది, గది. వైర్లు విప్పకుండా కుడి ఎడమ స్పీకర్ల చోటు మార్చండి. మోత పాత చోటే ఉండిపోతే దోషం గదిది. ల్యాబులో అనునాద గొట్టంలో నేను చూసిన స్థిర తరంగాలే గదిలోనూ ఏర్పడతాయి. ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. గోడల మధ్య 5 మీటర్లుంటే 34, 68, 102 హెర్ట్‌జ్ స్వరాలు పేరుకుంటాయి. 34 గోడ దగ్గర గుమ్మంటుంది, నడిమధ్యన దాదాపు వినబడదు. దీనికి పలచటి పరదాలు పనికిరావు; కుర్చీనో, స్పీకరునో ఒకటి రెండు అడుగులు జరపాలి. ఖాళీ గదిలో చప్పట్లు కొడితే టర్రుమనే ప్రతిధ్వనికి మాత్రం పుస్తకాల బీరువా, బొంతలు చాలు.

ఇన్నిటికీ కావలసింది ఒక పాట, రెండు చేతులు, కాస్త ఓపిక. స్పీకరు అమ్మేముందు కుర్చీ జరిపి చూడండి.