గట్లు చెరిగినా లెక్క చెరగలేదు

పావగడ తాలూకాకు మూడువైపులా ఆంధ్రదేశమే. అందుచేత మన బలసముద్రంలో పహణీ కన్నడంలో ఉంటుంది, దాన్ని గురించిన తగవు తెలుగులో నడుస్తుంది.

ఈ ఊరితో కలిపి ఐదు గ్రామాలలో సుమారు 13,000 ఎకరాలు కౌలుకు తీసుకొని 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రం కట్టిన సంగతి పాఠకులెరిగినదే. 2018లో ప్రారంభమైంది. కౌలు ఎకరాకు ఏటికి 21,000 రూపాయలతో మొదలయింది. చేలగట్లు చదునుచేసి, నేలంతా ఒకటిగా కలిపి, ఎక్కువ భాగం 50 మెగావాట్ల వంతున ఖండాలు చేసి కంపెనీలకు ఇచ్చారు. ఇప్పుడు ఏ రైతు చేను ఎక్కడున్నదీ నేలను చూచి చెప్పలేము. సర్వే నంబరే చెప్పాలి.

మా ఆఫీసులోని యూనిక్సు జాతి సర్వరులో డిస్కుల ఏర్పాటు అచ్చం ఇటువంటిదే. విడివిడి డిస్కులు రైతుల చేలు. అన్నీ కలిపితే వాల్యూమ్ గ్రూపు. అందులోంచి అవసరం కొద్దీ కోసి ఇచ్చే ఖండం లాజికల్ వాల్యూము. ఎకరాకు 40 గుంటలున్నట్లు, డిస్కును మామూలుగా 4 మెగాబైట్ల ఎక్స్‌టెంట్లుగా కొలుస్తారు. ఏది ఎవరిదో చెప్పే పహణీ డిస్కు మొదట్లోనే రాసి ఉంటుంది.

ఆ పహణీని ఒక శనివారం మేమే తుడిచివేశాము.

పాత యంత్రం మూలబడితే, రైతుల బాకీ చెల్లుల లెక్కలున్న రెండు డిస్కులను కొత్త పెట్టెలోకి మార్చుతున్నాము. ముందు ఒకటే తగిలించి, అది ఖాళీదనుకొని ‘పీవీక్రియేట్’ అన్నాము. ఇది ఒక గ్రూపుకు చెందినదని యంత్రం ఒప్పుకోలేదు. మేము ఊరుకున్నామా? బలవంతపు గుర్తు ‘ఎఫ్ఎఫ్’ చేర్చి, నిజంగానా అని అడిగితే ‘వై’ నొక్కాము. రెండవది తగిలించాక ‘ఫలానా గుర్తుగల డిస్కు కనబడలేదు’ అని వచ్చింది. గ్రూపు లేవలేదు. మాకు కాళ్లు చల్లబడ్డాయి.

బెంగుళూరులోని మేనల్లుడికి ఫోను చేశాము. ‘మామా, ఇంక దేన్నీ ముట్టుకోవద్దు. ఫార్మాట్ అనే మాటే ఎత్తవద్దు’ అన్నాడు. మేము తుడిచింది డిస్కు తలభాగాన్నే, పొలం అలాగే ఉందట. మార్పు జరిగినప్పుడల్లా ఈ యంత్రాలు పహణీకి నకలు తీసి, ‘ఈటీసీ’ కింద ‘ఎల్‌వీఎం’లోని ‘ఆర్కైవ్’ అనే అరలో దాచుతాయి. పాత యంత్రం డిస్కులో అది దొరికింది. అందులోని 32 అక్షరాల పాత గుర్తును పెద్దక్షరం చిన్నక్షరం తేడా లేకుండా చూచి, ఆ నకలుతోనే పీవీక్రియేట్ మళ్లీ చేయించాడు. తరువాత ‘వీజీసీఎఫ్‌జీరిస్టోర్’, ఆపైన ‘వీజీచేంజ్’. ‘ఎఫ్ఎస్‌సీకే’ను మాత్రం ముందు ఏమీ దిద్దకుండా చూచి చెప్పమన్నాడు. ప్రతి మెట్టుకూ ముందు ‘టెస్ట్’ అని ఉత్తుత్తిగా నడిపించి చూపించాడు. ఆ ఓపిక మాకుంటే శనివారం ఇంటికి పెందలాడే పోయేవాళ్లం.

రాత్రి తొమ్మిదింటికి బలసముద్రం రైతుల జాబితా తెరమీదికి వచ్చింది. కాగితంపై ఉన్న కూడికతో సరిచూచాము. పైసా తేడా లేదు.